మా అమ్మ కుట్టించిన పుస్తకం, మామగారు గీతలు పెట్టిన పుస్తకం

మార్చిలో మావారికి కుడికంటి శుక్లం ఆపరేషన్ అయింది. భయపడాల్సిందేమీ జరగలేదు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాం. అసలు కష్టం సాయంత్రం మొదలైంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్న మనిషి, అలవాటు కొద్దీ చెయ్యి చాచి పక్కనున్న స్టూలు మీద పుస్తకం కోసం తడిమారు. దొరికింది. తెరిచారు. కాసేపు అలాగే పట్టుకుని, మూసి, మళ్లీ స్టూలు మీద పెట్టేశారు.

ఆపరేషనైన కంటికి చూపు కుదురుకునేదాకా చదువుకునే అద్దాలు రాయరు. ఎడమ కంటి వంతు ఇంకా రాలేదు, అది అప్పటికే బాగా మసక. మొదటి వారం రోజుకు ఆరుసార్లు చుక్కలు, తర్వాత వారానికొకటి చొప్పున తగ్గించాలి. తలస్నానం వద్దు, వంగొద్దు, కన్ను నలపొద్దు. ఇవన్నీ ఆయన బుద్ధిగా పాటించారు. చదవకుండా ఉండటమే ఆయనకు చేతకాలేదు. పెళ్లయిన ఈ ముప్పై నాలుగేళ్లలో రాత్రి భోజనమయ్యాక ఆయన ఉత్త చేతులతో కూర్చోవడం నేను చూడలేదు.

పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోన్లో ఆడియో పుస్తకాల యాప్ పెట్టించాడు. రెండు రోజులు విన్నారు. మూడో రోజు ఇయర్‌ఫోన్లు తీసేసి, "ఆ అమ్మాయి మంచిగనే చదువుతుంది. కాని ఆగదు. నడుమల నాకేమన్న చెప్పాలనిపిస్తే ఎవరికి చెప్పాలె?" అన్నారు.

వంటింట్లో గిన్నెలు సర్దుతున్నదాన్ని, చేతులు తుడుచుకుని వచ్చి, "నేను చదవనా?" అని అడిగాను. అడిగాక నాకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లుగా ఒకరి పుస్తకాలు ఒకరం తీసుకున్నాం, పక్కపక్కన కూర్చుని చదువుకున్నాం, బాగున్న చోట పేజీ తెరిచి పట్టుకుని "ఇది చూడండి" అని ముందు పెట్టాం. పైకి చదివి వినిపించుకోవడం మాత్రం ఒక్కసారీ జరగలేదు.

"ఏది చదవమంటారు?" అన్నాను.

"మీ అమ్మది తియ్."

మా ఇంట్లో 'మీ అమ్మది' అంటే ఒక్కటే పుస్తకం. అమరావతి కథలు. కొన్న పుస్తకం కాదు. మా ఊరు అప్పటి గుంటూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, అమరావతికి బస్సులో అరగంట దూరం. 1975, 77 మధ్య సత్యం శంకరమంచి గారు ఆ కథల్ని ఆంధ్రజ్యోతి వారపత్రికలో రాస్తుంటే, మా అమ్మ వారం వారం ఆ పేజీలు బ్లేడుతో కోసి ట్రంకు పెట్టెలో చీరల కింద దాచింది. ప్రతి కథకీ బాపు గారి బొమ్మ ఉండేది. ఆ బొమ్మలోని గుడి మెట్లూ రేవూ చూసి అమ్మ, "మన రేవే ఇది" అనేది. మాది ఆ రేవు కాదు, మా ఊరి రేవుకి మెట్లు కూడా లేవు. అయినా అమ్మకి మాత్రం అది మన రేవే. సీరియలో కథలో అయిపోయాక పేజీలన్నీ గుంటూరు తీసుకెళ్లి బైండు చేయించడం అప్పట్లో చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. మా అమ్మ మెరూన్ రంగు కాలికో అట్ట వేయించింది.

అలా కోసిన పుస్తకాల్లో ఇంకో సంగతుంది. కథ పేజీ వెనక వేరే ఏదో ఉంటుంది. సగం జోకు, సగం వంట, ఎవరిదో సీరియల్ చివరి ముక్క, సబ్బు ప్రకటన. చిన్నప్పుడు నేను కథలకన్నా ముందు ఆ వెనక పేజీలు చదివేదాన్ని. "ఆమె తలుపు తీసేసరికి" అని ఆగిపోయిన వాక్యం దగ్గర, తలుపు తీస్తే ఎవరుండి ఉంటారా అని రోజుల తరబడి ఆలోచించేదాన్ని.

1988లో నాకు ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వస్తుంటే అమ్మ ఆ పుస్తకం నా పెట్టెలో పెట్టింది. "ఊరు గుర్తొస్తే చదువుకో" అంది. హాస్టల్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి హాస్టల్‌కి నాతో పాటు తిరిగేది. ఒకరోజు మధ్యాహ్నం లంచ్ టైములో పక్క సెక్షన్‌లో పనిచేసే ఆయన వచ్చి, "మేడమ్, ఇది మీరు బైండు చేయించుకున్నరా?" అని అడిగారు. అరువిచ్చాను. తొమ్మిది రోజులకి, పేపరు అట్ట వేసి మరీ తెచ్చిచ్చారు. "చాలా మంచిగున్నయి. కాని తొంభై నాలుగే ఉన్నయి. అసలు నూరు" అన్నారు. నిజమే, ఆ కథలు నూరు. నాకే తెలియదు. ఆయన నా పుస్తకాన్ని సుల్తాన్ బజార్ లైబ్రరీకి తీసుకెళ్లి, అచ్చు పుస్తకం పక్కన పెట్టి లెక్క చూసుకున్నారట.

అమ్మకి ఉత్తరం రాస్తే జవాబొచ్చింది. మా తమ్ముడు కడుపులో ఉండగా అమ్మ పుట్టింటికి వెళ్లింది. అక్కడికి పత్రిక వచ్చేది కాదు. ఇక్కడ నాన్నకి తెప్పించాలన్న ధ్యాస లేదు. ఆ ఆరు వారాలూ ఆరు కథలూ అలా పోయాయి.

1991లో మా పెళ్లయింది. రెండు వైపులా కొన్ని అనుమానాలు, కొన్ని మాటలు ఉండకపోలేదు. వాళ్లది పాతబస్తీ గౌలిపురా. ఇంట్లో సగం మాటలు ఉర్దూ. మా వాళ్లకి అదో భయం. అవన్నీ కొన్నాళ్లకి సర్దుకున్నాయి, చెప్పుకోవలసినంత కథ లేదు.

చెప్పుకోవలసింది ఆ మరుసటి ఏడాది సంగతి. రెండో శనివారాలు సెలవు కదా, ఆయన పొద్దున్నే టిఫిన్ తిని ఎక్కడికో వెళ్లి మధ్యాహ్నం దాటాక వచ్చేవారు. అడిగితే పనుందనేవారు. సంక్రాంతికి మా అమ్మ హైదరాబాద్ వచ్చింది. ఆయన బైండు పుస్తకం తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టారు. పాత అట్టే, కుట్టు మాత్రం కొత్తది. తెరిస్తే మధ్యలో, పత్రిక పేజీ కొలతకి కత్తిరించిన తెల్లకాగితాల మీద, నల్ల సిరాతో ఆరు కథలు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని చేత్తో రాసుకొచ్చి, ఏ కథ ఎక్కడుండాలో అక్కడ పెట్టి కుట్టించారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకునే వాళ్ల కోసం 1901 సెప్టెంబరు 1న పెట్టిన గ్రంథాలయం అది. దానికి ఆ పేరు తప్ప ఇంకేం తెలియని నాకు, అప్పటి నుంచి ఆ బిల్డింగ్ ముందు నుంచి వెళ్తుంటే మా ఇంటి వాళ్లదేదో అనిపిస్తుంది.

"ఇంత రాసే బదులు అచ్చు పుస్తకం కొంటే అయిపోయేది కదండీ" అన్నాను.

"కొంటే అది వేరే పుస్తకమయితది. మీ అమ్మది గట్లనే ఉంటది, ఆరు తక్కువ" అన్నారు.

అమ్మ ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని, మిగతావన్నీ వదిలేసి ఆ ఆరు కథలూ వరసగా చదివింది. పదహారేళ్ల తర్వాత అమ్మ వాటిని మొదటిసారి చదవడం. అప్పుడు లేచి వంటింట్లోకెళ్లి, అల్లుడికి ఇష్టమని, ఎవరూ అడక్కుండానే బూరెలకి పప్పు నానబోసింది.

ఈ మార్చిలో నేను పైకి చదవడానికి తీసింది ఆ పుస్తకమే. మొదటి కథ 'వరద'. కృష్ణకి వరదొచ్చి ఊరు ఊరంతా గట్టెక్కిన కథ. అయిపోగానే, నేను పేజీ తిప్పబోతుంటే "ఆగు" అన్నారు. వాళ్ల నాయనమ్మ చెప్పిన మూసీ వరద గురించి మొదలుపెట్టారు. 1908 సెప్టెంబరు 28. ఆవిడకి వాళ్ల అమ్మ చెప్పిందట. అఫ్జల్‌గంజ్ వైపు నీళ్లు ముంచెత్తుతుంటే జనం ఒక చింతచెట్టెక్కారు. నూటయాభై మంది దాకా ఆ చెట్టు మీద బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆయన చిన్నప్పుడు నాయనమ్మ అక్కడికి తీసుకెళ్తే చెట్టుకి చెయ్యి ఆనించి దండం పెట్టుకునేదట. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చదివి ఉంటారో. ఆ చింతచెట్టు మాట నాకు చెప్పడం మాత్రం ఇదే మొదలు.

తర్వాత అదే అలవాటైంది. రోజుకి రెండు కథలో మూడో. చిన్న కథలే, రెండు మూడు పేజీలకి మించవు. చదవడానికి పట్టే సమయం కన్నా తర్వాత మాట్లాడుకునే సమయం ఎక్కువ. చుక్కలు వేయాల్సిన టైము దాటిపోతే ఫోన్లో అలారం మోగేది.

ఆరు కథల్లో మొదటిది వచ్చిన రోజు నేనేమీ చెప్పలేదు. గొంతు మార్చకుండా చదువుకుంటూ పోయాను. నాలుగు వాక్యాలయ్యాయో లేదో, అయిదో వాక్యం ఆయనే అందుకున్నారు. కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో రాస్తూ. ఆ కథలో సగం దాకా ఆగకుండా అప్పజెప్పారు. తక్కిన తొంభై నాలుగులో ఒక్క వాక్యం కూడా ఆయనకి కంఠతా రాదు. రాసినవి చేతికి గుర్తుంటాయేమో.

ఆ కాగితాల అంచుల్లో, పెన్సిల్‌తో చాలా చిన్నగా, నేను ఇన్నేళ్లూ సరిగ్గా చూడని మాటలు కనిపించాయి. "కరెంట్ పోయింది, మిగతాది వచ్చే శనివారం." ఇంకోచోట, "ఇక్కడ ఆమె నవ్వుతది." ఆమె అంటే నేను. ఆ వాక్యం దగ్గర నేను నిజంగానే నవ్వుతాను. నేనింకా చదవకముందే, అక్కడ నవ్వుతానని ఆయనకి తెలిసిపోయింది కాబోలు. పెన్సిల్ గీత చెరిగిపోతుందేమోనని ఇప్పుడు ఆ పేజీలకి ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టాను.

ఏప్రిల్ మధ్యలో నూరు కథలూ అయిపోయాయి. "ఇగ మా నాయనది" అన్నారు.

అది దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు. మా మామగారిని నేను చూడలేదు, మా పెళ్లికి అయిదేళ్ల ముందే పోయారు. ఆయన చదువంతా ఉర్దూలో. నిజాం కాలంలో పై చదువు అంతే కదా. ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా 1918లో పుట్టినప్పటి నుంచి 1948 పోలీసు చర్య దాకా ఉర్దూలోనే బోధించింది. ఇంటి లెక్కలు ఉర్దూలో రాసుకునేవారు, పొద్దున్నే ఉర్దూ పేపరు చదివేవారు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నారట. అలా నేర్చుకుని మొదటి నుంచి చివరిదాకా చదివిన తెలుగు నవల ఇదేనని మావారు అంటారు. పెళ్లయిన కొత్తలో నా చేతిలో పెట్టిన మొదటి పుస్తకం కూడా ఇదే. నీదొకటి తీసుకున్నాను కాబట్టి నాదొకటి ఇస్తున్నాను అన్నట్టు.

అప్పుడు నాకది కొరుకుడు పడలేదు. కాలేజీలో తెలుగు బాగా చదువుకున్నదాన్నే. గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లని తెలియదు. వెట్టి అంటే పుస్తకంలో మాటగా తెలుసు. ఆడబాప అనే మాట విననే లేదు. దొరసానిని కాపరానికి పంపేటప్పుడు అరణంగా వెంట పంపే ఆడపిల్ల, ఆ గడీలోనే పని చేస్తూ, దొర దయ మీద బతికి, అక్కడే ముసలిదయిపోయే మనిషి. నా దేశంలో, నా భాషలో, మా అమ్మమ్మ కాలంలో ఇలాంటిది ఉందని నాకు ఒక్క పాఠమూ చెప్పలేదు. నవలలో ఆంధ్ర ప్రాంతం నుంచి తెలంగాణ పల్లెకి వచ్చిన సంగీతం మాస్టారు సారంగపాణి ఉంటాడు. ఊళ్లో ప్రతిదీ అతనికి కొత్తే. నేను అతని వెనకాలే నడుస్తూ ఆ నవల చదివాను. అర్థం కాని మాట దగ్గర వేలు పెట్టుకుని వెళ్లి ఈయన్ని అడిగేదాన్ని.

ఆ పుస్తకం అంచుల్లో మామగారు ఉర్దూలో ఏవో రాసుకున్నారు. నీలం సిరా, సన్నటి కలం. మావారు ఉర్దూ మాట్లాడతారు, సినిమా పాటలు, షాయరీ అన్నీ వచ్చు, లిపి మాత్రం రాదు. చాలా ఏళ్లు మేమిద్దరం ఆ రాతల గురించి ఊహించుకున్నాం. కథ మీద విమర్శ అయి ఉంటుందని ఆయన, తెలియని తెలుగు మాటలకి అర్థాలు రాసుకుని ఉంటారని నేను.

మూడేళ్ల కిందట, ఒక ఆదివారం, ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని అబిడ్స్ వెళ్లాం. మా చిక్కడపల్లి నుంచి మెట్రోలో సుల్తాన్ బజార్ రెండో స్టేషనే. 2020 ఫిబ్రవరిలో ఆ లైను వచ్చాక ఆదివారం పుస్తకాలకి వెళ్లడం మాకు సులువైంది. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కదా, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల కింద ఎవరి ఇంటి గ్రంథాలయమో పడి ఉంటుంది. లోపలి పేజీలో "చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులతో" అని రాసి ఉన్న పుస్తకాలు అక్కడ దొరికినప్పుడల్లా నాకు కడుపులో ఎలాగో అవుతుంది. అలాంటివి కనిపిస్తే, చదివినా చదవకపోయినా, కొనేస్తాను.

ఉర్దూ పుస్తకాలమ్మే పెద్దాయన ఒకాయన మాకు ఎప్పటి నుంచో ముఖపరిచయం. మావారు పుస్తకం తెరిచి, "చచా, జర యే పఢ్‌కే బోలో" అని ఆయన చేతికిచ్చారు. ఆయన అద్దాలు తుడుచుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"సచ్ హై."

ఇంకో పేజీ తిప్పి ఇచ్చారు. "సచ్ హై." ఇంకోటి. "యే భీ సచ్ హై లిఖే."

నిజం. నిజం. ఇదీ నిజమే. ఏడు చోట్ల అదే మాట. విమర్శా కాదు, అర్థాలూ కాదు. వెట్టి దగ్గర ఒకసారి, దొర వాకిట్లో జనాన్ని కొట్టించిన చోట ఒకసారి, అలా. ఎనిమిదో చోట మాత్రం వేరే ఉంది. పెద్దాయన రెండుసార్లు చదువుకుని, "అమ్మా సే పూఛ్‌నా" అన్నారు. అమ్మను అడగాలి. అది ఆడబాప గురించి ఉన్న పేజీ.

మేం ఆ రోజు ఇంకేమీ కొనలేదు. తాజ్‌మహల్ హోటల్‌లో కాఫీ తాగి ఇంటికొచ్చేశాం. దారిలో మాట్లాడుకోలేదు కూడా.

ఈ ఏప్రిల్లో నేను ఆ నవల పైకి చదువుతుంటే, నీలం సిరా ఉన్న చోటల్లా "సచ్ హై" అని కలిపి చదివాను. ఆ రెండు మాటల రూపం ఇప్పుడు నా కళ్లకి అలవాటే. మొదటిసారి అలా చదివినప్పుడు ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత, వాళ్ల నాన్న పక్క కుర్చీలో కూర్చుని వింటున్నట్టు, ఆ మాట వచ్చినప్పుడల్లా కొంచెం తల ఊపేవారు. నేను కొన్ని మాటల్ని మా గుంటూరు వైపు పలుకుబడిలో చదివేస్తే దిద్దేవారు. "గట్ల కాదు, గట్టిగ అనాలె, దొరతోని కాదు కదా మాట్లాడేది, తనలో తనే తిట్టుకుంటుండు." నిజానికి ఆ నవలలో మాటలకి ఇంత చప్పుడు ఉందని మొదటిసారి చదివినప్పుడు నాకు తెలియలేదు.

ఎనిమిదో చోటు వచ్చింది. చదివాను. "అమ్మా సే పూఛ్‌నా" అని కూడా చదివి ఆగాను.

చాలాసేపటికి ఆయన మాట్లాడారు. గౌలిపురా ఇంట్లో, ఆయనకి ఆరేడేళ్లప్పుడు, ఒక ముసలామె ఉండేదట. వంటింటి పక్క వరండాలో పడుకునేది. నాయనమ్మతో పాటు నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చింది. నాయనమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచేది, ఆమె నాయనమ్మను 'దొరసానీ' అనేది. పిల్లలందరికీ తలంటేది, గోరుముద్దలు పెట్టేది. పండక్కి అందరితో పాటు ఆమెకీ కొత్తచీర. కానీ అందరూ తిన్నాకే తినేది. ఆమె మనకేమవుతుందని ఈయన ఒకసారి అడిగితే, ఎవరూ ఏమీ చెప్పలేదట. ఒక చలికాలంలో ఆమె పోయింది. ఈయన వాళ్ల నాన్న తలకొరివి పెట్టారు.

"ముప్పై నాలుగేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేమండీ?" అన్నాను.

"చదివినప్పుడు యాదికి రాలే. వింటుంటే వచ్చింది."

మామగారు వాళ్ల అమ్మను అడిగారో లేదో. అడిగితే ఆవిడ ఏం చెప్పిందో. ఆ రాత్రి ఇక చదవలేదు. మరుసటి రోజు ఆయనే "కానియ్" అన్నారు.

చిల్లర దేవుళ్లు తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి గారి ప్రజల మనిషి చదివాం. అది పోయిన డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన బుక్ ఫెయిర్‌లో నేను కొన్నది. మా ఇంట్లో పుస్తకాలకి ఒక నియమముంది. ఎవరు ఎంచి కొన్నారో వాళ్లు రెండోవారుగా చదవాలి. ముందు చదివే హక్కు అవతలి వాళ్లది. మా జీతాలు తక్కువగా ఉన్న రోజుల్లో నెలకి ఒక్క పుస్తకం కొనేవాళ్లం, దాని మీద పోట్లాట రాకుండా పెట్టుకున్నది. అందుకే నేను కొన్నది ఆయన ముందు చదవాలి, ఆయన కళ్ల సంగతి ఇలా అయింది, పుస్తకం అలాగే ఉండిపోయింది. ఈసారి ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. ఆళ్వారుస్వామి గారంటే నాకు నవలకన్నా ముందు ఆయన పుస్తకాలమ్మిన తీరే గుర్తొస్తుంది. హోటల్లో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, వేసిన పుస్తకాల్ని తనే మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మారు. ఆయన చేతుల మీదుగా ఒక పుస్తకం మా మామగారింటికి వచ్చిందేమోనని మావారు అటకంతా వెతికించారు. లేదు. కానీ ఆ వెతుకులాటలో మామగారి పెద్దబాలశిక్ష దొరికింది. గుణింతాల పక్కన ఉర్దూ అక్షరాలు.

మే నెలలో ఎడమకన్నూ అయింది. జూన్ చివర్లో అద్దాలు రాశారు. కొత్త కళ్లజోడు వచ్చిన రోజు ఆయన పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, టెండర్ నోటీసులతో సహా చదివారు. నాకు సంతోషంగానే ఉంది. గిన్నెలు తోముతూ, ఇవాళ్టి నుంచి ఎవరి పుస్తకం వాళ్లదే కదా అనుకున్నాను. అనుకుంటే ఎందుకో చెయ్యి ఆగింది.

వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి పడక్కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో మెరూన్ అట్ట.

"కూర్చో. ఇయ్యాల నేను చదువుత."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 'వరద'. మా కృష్ణ ఒడ్డు కథని గౌలిపురా గొంతుతో వినడం కొత్తగా ఉంది. రేవు అనే మాట దగ్గర కొంచెం ఆగి, నా వైపు చూసి, మళ్లీ అందుకున్నారు. కథ అయిపోయింది. పేజీ తిప్పితే వెనక ఎప్పటిదో ఒక సీరియల్ చివరి ముక్క, పైన ఒక సబ్బు ప్రకటన. ఆయన ఆగలేదు. సబ్బు గురించి చదివారు. తర్వాత ఆ సీరియల్ ముక్క. "ఆమె తలుపు తీసేసరికి" దాకా వచ్చి పుస్తకం మూసి, "ఎవరుంటరంటవ్?" అని అడిగారు.